శోధన కలగడమే పాపమా, లొంగిపోవడం పాపమా?

ప్రశ్న: చిత్తూరు నుంచి ఒక సండేస్కూలు ఉపాధ్యాయురాలు

అందరికీ వందనాలు. ఇటీవల మా యవనస్థుల కూడికలో వాక్యం చెప్పిన ఒక సేవకుడు, చెడు తలంపు వచ్చిందంటే పాపం అప్పుడే జరిగిపోయినట్టేనని గట్టిగా చెప్పి వెళ్లారు. మరుసటి ఆదివారం ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో, పాలుపొందకుండా వెనుక వరుసలో తల వంచుకుని కూర్చుండిపోయింది. విషయమేమిటని అడిగితే, "పరీక్షలో పక్కపిల్ల పేపరు చూడాలనిపించింది అక్కా, చూడలేదు, కానీ అనిపించింది కదా" అని ఏడ్చింది. శోధన, అంటే చెడు చేయాలన్న ప్రలోభం కలగడం, అన్నదే చెడ్డదైతే ఈ పిల్ల చేసిన తప్పును నేను ఎలా చూపించాలి? చెడ్డది కాకపోతే ఆమెను ఏ వాక్యంతో ఓదార్చాలి?

జవాబు: తిరుపతి నుంచి ఒక వేదాంత విద్యార్థి

అక్కా, ఆ అమ్మాయి బాధ నాకు అర్థమవుతుంది, కానీ సేవకుడు చెప్పినదాన్ని అంత తేలికగా కొట్టివేయలేము. మోహపు చూపు చూసినవాడు హృదయంలో అప్పుడే వ్యభిచరించాడని మత్తయి 5:28లో ప్రభువే చెప్పారు. పది ఆజ్ఞల్లో పదవది నిషేధించేది దొంగతనాన్ని కాదు, ఆశించడాన్ని. మన చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో పరిచర్య చేసిన ఆర్కాటు మిషన్ అమెరికాలోని రిఫార్మ్‌డ్ అనే ప్రొటెస్టెంటు సంఘానికి చెందినది; ఆ సంఘం అంగీకరించే 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి, 113వ ప్రశ్నకు జవాబుగా, దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన అతి చిన్న ఆలోచన గానీ మొగ్గు గానీ మన హృదయంలో ఎన్నడూ కలగకూడదని బోధిస్తుంది. యేసు ప్రభువు శోధింపబడ్డారు నిజమే, కానీ ఆ శోధన అపవాది అయిన సాతాను నుంచి, అంటే బయటి నుంచి వచ్చింది. మనకు వచ్చేది లోపలి నుంచి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదని నా మనవి.

జవాబు: దామలచెరువు నుంచి, మామిడి మండీలో లెక్కలు రాసే ఒక సంఘ పెద్ద

తమ్ముడూ, నువ్వు ఎత్తిచూపిన తేడా సరైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. అయితే నువ్వు శోధననూ దురాశనూ ఒకటి చేశావు, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు మాటను చూద్దాం. తెలుగులో శోధించడమంటే వెదకడం, పరీక్షించడం, శుద్ధి చేయడం. గ్రీకు మూలంలోని పెయిరాస్మోస్ అనే మాట కూడా పరీక్షకూ ప్రలోభానికీ రెంటికీ చెల్లుతుంది. అందుకే యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలోనే, శోధన సహించేవాడు ధన్యుడని 12వ వచనంలో చెప్పి, ఆ వెంటనే 13వ వచనంలో దేవుడు ఎవనినీ శోధింపడని చెప్పగలిగాడు. ఇంకొక సంగతి కూడా గమనించు. యాకోబు 1:14లో మన బైబిలు "దురాశ" అని రాసిన చోట గ్రీకులో ఉన్నది ఎపితుమియ. లూకా 22:15లో పస్కా పండుగ భోజనాన్ని శిష్యులతో కలిసి భుజించాలని మిక్కిలి ఆశపడ్డానని ప్రభువు చెప్పిన చోట ఉన్నదీ అదే మాట. ఆశ తనంతట తానే చెడ్డది కాదు, అది దేని మీదికి పోతున్నది, మనం దాన్ని ఏమి చేస్తున్నాం అన్నదాన్నిబట్టి దానికి ఆ "దుర్" అనేది చేరుతుంది.

యేసుకు శోధన బయటి నుంచే వచ్చిందన్నావు. కానీ నలభై దినాల ఉపవాసం తర్వాత కలిగిన ఆకలి ఆయన శరీరంలోనిదే కదా, రాళ్లను రొట్టెలుగా చేయమన్న మాటకు పట్టు దొరికింది ఆ ఆకలి దగ్గరే కదా! సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలని కోరినది కూడా ఆయన హృదయమే. చెడు కోరిక ఆయనలో లేదు, నేను ఒప్పుకుంటాను. అయినా మనవలెనే శోధింపబడి కూడా పాపము లేనివాడుగా ఉన్నాడని హెబ్రీ 4:15 చెబుతున్నప్పుడు, శోధింపబడడమే పాపమని ఎవరైనా బోధిస్తే ఆ వచనం నిలబడే చోటు ఉండదు. శోధించేవాడి పని చెడ్డది, అందులో సందేహం లేదు. శోధింపబడేవాడి సంగతి వేరు.

ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను, ఆయన తర్వాత పోపు గ్రెగరీ ఇందులో మూడు మెట్లు చూపించారు: సూచన, దానిలో రుచి, దానికి సమ్మతి. ఈ మెట్లు నాకు పుస్తకంలో కంటే మండీలో బాగా అర్థమయ్యాయి. కొన్నేళ్ల కిందట తోతాపురి కాయల సీజనులో, ఒక పెద్దాయన తెచ్చిన లోడు కాటా చీటీలో 2,340 కిలోలని ఉంటే, తొందరలో నేను పద్దులో 2,140 అని వేసి అంతకే డబ్బిచ్చి పంపాను. సాయంత్రం లెక్క చూసుకుంటే, చీటీల ప్రకారం నాకు అందిన నగదులో 200 కిలోల డబ్బు మిగిలింది. మా వాడి కాలేజీ ఫీజు ఆ వారమే కట్టాలి. ఆయన అడగడులే అన్న తలంపు నేను పిలవకుండానే వచ్చింది. ఆ క్షణం వరకు నేను పాపం చేశానని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ నోట్లను విడిగా మడిచి చొక్కా పైజేబులో పెట్టుకుని, రేపు చూద్దామనుకున్నాను చూడు, అక్కడ తలంపుకు నేను పీట వేశాను. మరునాడు పొద్దున్నే వాళ్ల ఊరికి వెళ్లి డబ్బు ఇచ్చి వచ్చాను. అయినా ఆ రాత్రి జేబు విషయమై దేవుని ఎదుట క్షమాపణ అడిగాను. దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు రాసింది ఆ మడత గురించేనని నా నమ్మకం. మత్తయి 5:28లోని చూపు కూడా అటువంటిదే, అది కంటబడిన చూపు కాదు, మోహించడానికే నిలిపిన చూపు.

జవాబు: తిరుపతి విద్యార్థి

అన్నా, మీ సాక్ష్యానికి కృతజ్ఞతలు. శోధింపబడడం పాపం కాదన్నంతవరకు నేను ఒప్పుకుంటున్నాను, నా మొదటి మాటల్లో ఆ తేడా చూపించకపోవడం నా పొరపాటే. ఒక్క చోట మాత్రం నేను ఆగిపోతున్నాను. ఆయన అడగడులే అన్న తలంపు మీరు పిలవకుండానే వచ్చిందన్నారు, కానీ అది వచ్చింది మీ హృదయంలో నుంచే కదా. బాప్తిస్మం తర్వాత మిగిలే ఆ మొగ్గు పాపం నుంచి పుట్టి పాపం వైపు లాగుతుందే గాని అసలైన అర్థంలో పాపం కాదని 1546లో కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ తీర్మానించింది. దానికి ముందే 1530లో లూథరను సంఘాల విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు రెండవ అంశం, పుట్టుకతో వచ్చే ఆ మొగ్గు నిజంగా పాపమేనని చెప్పింది. నా మనస్సాక్షి రెండో పక్కనే ఉంది. దానికోసం కూడా రోజూ కృప అడగాలనుకుంటాను, అయితే దాని పేరు చెప్పి ఎవరినీ బల్లకు దూరం చేయను.

జవాబు: దామలచెరువు సంఘ పెద్ద

అడుగు తమ్ముడూ, నేనూ అడుగుతాను. రోగానికి వైద్యం కోరడం మంచిదే. రోగమున్నందుకు శిక్ష పడుతుందని ఆ పిల్లకు చెప్పవద్దనే నేను బతిమాలుతున్నది.

జవాబు: చిత్తూరు ఉపాధ్యాయురాలు

మీ ఇద్దరికీ వందనాలు. ఈ సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, యాకోబు మొదటి అధ్యాయం ఇద్దరం కలిసి చదివాము. పేపరు చూడాలనిపించినప్పుడు నువ్వు ఏమి చేశావని అడిగాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదట. కాసేపు ఆలోచించి, అటువైపు చూపు పోకుండా ఎడమ చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని, గంట మోగేవరకు అలాగే రాశానని చెప్పింది.