గోదావరి ఇసుకలో దొరికిన ఎర్రరాళ్లు కెంపులా, గార్నెట్లా?

లంకగట్టు:
రావులపాలెం దగ్గర కడుతున్న ఇంటికి తోలించిన గోదావరి ఇసుకను ప్లాస్టరింగు కోసం జల్లెడ పట్టాక, మిగిలిన గులకల్లోంచి కొన్ని పక్కన తీశామండి. శనగగింజంతేసి ముదురెరుపువి ఇరవై. బొటనవేలంత తేనెరంగు రాయి ఒకటి, లోపల సన్నటి చారలున్నాయి. ఆకుపచ్చది ఒకటి, పైన గరుకు, టార్చికి అడ్డుపెడితే లోపల స్వచ్ఛం. ఇవికాక బరువైన నల్ల ఇసుక గుప్పెడు. ఎర్రవి కెంపులని, ఆకుపచ్చది మరకతమని చూసినవాళ్లు అంటున్నారు. రాళ్లు పాడవకుండా ఇంట్లోనే తేల్చుకోవడం ఎలాగండి? 0.01 గ్రాము వరకు చూపే స్కేలు ఉంది.

పలుగురాయి:
ముందు ఏ రాయి ఎక్కడినుంచి వస్తుందో చూస్తే సగం తేలిపోతుందండి. గోదావరి త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి దక్కను నల్లరాతి నేలమీదుగా వస్తుంది. ఒకనాటి లావాలో గాలిబుడగలున్న చోట్ల సిలికా పొరలు పొరలుగా పేరుకుని అకీకు రాళ్లయ్యాయి. మీ తేనెరంగు చారల రాయి ఆ కుటుంబమే అయ్యుంటుంది. ఇక పాపికొండల దగ్గర నది చీల్చుకొచ్చే తూర్పు కనుమల ఖోండలైట్ రాతిలో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం మామూలు. అందుకే ఇక్కడి ఇసుకలో ఎర్రగింజ కనిపిస్తే మొదట గార్నెట్ అనే అనుకోవాలి.

కెంపు సాపేక్ష సాంద్రత, అంటే అంతే పరిమాణం నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె, 4.0. ఎర్ర గార్నెట్‌ది కూడా ఇంచుమించు అంతే, కాబట్టి ఆ రెండింటినీ తూకం విడదీయలేదు, అయస్కాంతం విడదీస్తుంది. పళ్లెంలో నీళ్లు పోసి చిన్న థర్మోకోల్ ముక్క తేలేసి, దానిమీద ఒక్క గింజ పెట్టండి. పాత హార్డ్‌డిస్కులోని నియోడిమియం అయస్కాంతాన్ని తగలకుండా వెంట్రుకవాసి దూరంలోకి తేవాలి. గార్నెట్‌లో ఇనుముంటుంది కాబట్టి తెప్ప మెల్లగా వెంట వస్తుంది. కెంపు, పలుగురాయి రావు. స్పీకరు అయస్కాంతానికి ఈ బలం చాలదు. ఫ్యాను ఆపి చేయండి, గాలికి కదిలినదాన్ని చూసి గార్నెట్ అనుకునే ప్రమాదముంది.

365 నానోమీటర్ల యూవీ టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి. కెంపు చాలావరకు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది, గార్నెట్ వెలగదు. సుత్తితో కొట్టి చూడటం మాత్రం వద్దండి. గట్టితనం వేరు, పగలకపోవడం వేరు. అసలు కెంపయినా దెబ్బకు ముక్కలవుతుంది.

ఇసుకజల్లెడ:
తూకం సంగతి నేను చెబుతానండి. ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత స్కేలుమీద నీళ్లగ్లాసు పెట్టి సున్నా చేసి, రాయిని సన్నటి దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కి, గోడకి తగలకూడదు. అప్పుడు కనిపించే అంకెతో పొడి బరువును భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. అకీకుకు 2.6, స్ఫటికానికి 2.65, సీసా గాజుకు దాదాపు 2.5, మరకతానికి 2.7 చుట్టుపక్కల. రాయికి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి లెక్క తగ్గిపోతుంది. నీళ్లలో చుక్క సబ్బు వేసి, కుంచెతో బుడగలు తుడవండి. శనగగింజంతవి ఒక్కొక్కటీ తూచకండి, ఆ స్కేలుకు అవి మరీ చిన్నవి. ముందు అయస్కాంతంతో వేరుచేసి, ఒక్కో కుప్పని పాత దోమతెర ముక్కలో మూటకట్టి తూచండి. ఖాళీ మూట అంకెను తీసేయడం మరవద్దు.

ఆకుపచ్చదాన్ని ముందు భూతద్దంలో చూడండి. గుండ్రటి బుడగలుంటే గాజే. ఇంకా అనుమానముంటే, ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెరను తెల్లగా పెట్టి, పోలరైజ్డ్ కళ్లద్దాన్ని తెర నల్లబడేదాకా తిప్పి, మధ్యలో రాయిని తిప్పుతూ చూడండి. గాజు, గార్నెట్ నల్లగానే ఉంటాయి. స్ఫటికం ఒక చుట్టులో నాలుగుసార్లు వెలిగి ఆరుతుంది. అకీకు ఎటు తిప్పినా వెలుగుతూనే ఉంటుంది. పగుళ్లున్న గాజులో మసక వెలుగు మెలికలు కనబడొచ్చు, వాటికి మోసపోవద్దు.

కత్తితో గీసి చూసేవాళ్లకు ఒక మాట. పలుగురాయిమీద ఉక్కు గీసినా గీత పడినట్టే ఉంటుంది, నిజానికి అది ఉక్కే రాలి అంటుకున్నది. తడివేలితో తుడవండి, చెరిగిపోతే రాయే గట్టిది.

ఉప్పుగాలి:
నల్ల ఇసుక గురించి ఎవరూ చెప్పలేదు. అందులో ఉండే ఇనుప ఖనిజాల్లో మాగ్నెటైట్ మామూలు అయస్కాంతానికే ఎగిరొచ్చి అంటుకుంటుంది, ఇల్మెనైట్‌కు నియోడిమియం కావాలి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడగండి, లేకపోతే ఆ నలుసులు ఇక ఊడవు. గుప్పెడు చూసి వదిలేయండి, బస్తాల్లో ఇంట్లో దాచకండి. అంతర్వేది వైపు తీరంలో కనిపించే నల్ల ఇసుకయితే మరీ జాగ్రత్త. దాంట్లో పసుపు-గోధుమరంగు మోనజైట్ ఖనిజం కలిసి ఉండొచ్చు, అందులో రేడియోధార్మిక థోరియం ఉంటుంది. అణుశక్తి చట్టాల ప్రకారం అది నియంత్రిత పదార్థం కూడా.

లంకగట్టు:
చేశామండి. ఇరవైలో 16 గింజలు తెప్పతో కదిలాయి. ఆ 16 కలిపి 4.24 గ్రాములు, నీళ్లలో అంకె 1.05, అంటే 4.04. కదలని నాలుగూ 1.12 గ్రాములు, నీళ్లలో 0.43. ఆకుపచ్చది 9.96కు 4.00, లోపల బుడగలున్నాయి. తేనెరంగుది 14.56కు 5.60, తెరముందు ఎటు తిప్పినా వెలిగింది. ఆ నాలుగింటి సంగతే తేలలేదు, ఒకవేళ అవే కెంపులేమో?

ఇసుకజల్లెడ:
కాదండి. ఆకుపచ్చది 2.49, సీసాగాజు. తేనెరంగుది 2.60, అకీకు. పదహారూ గార్నెట్లే. మిగిలిన నాలుగూ 2.60 వస్తున్నాయి. నీళ్లలో అంకె 0.01 అటూఇటూ తప్పినా 2.55కూ 2.67కూ మధ్యే ఉంటాయి. కెంపులయితే నీళ్లలో 0.43 బదులు 0.28 చూపించేది. వెనకనుంచి టార్చి వేయండి. నారింజ వెలుగు దిగితే కార్నీలియన్, ఏమాత్రం దిగకపోతే జాస్పర్, రెండూ అకీకు కుటుంబపు రాళ్లే.