తెలంగాణలో ఎస్టీల నిరుద్యోగ రేటే అందరికన్నా తక్కువ వస్తోంది, లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న – పట్టికల_పీజీ

పీఎల్ఎఫ్ఎస్ (కేంద్రం చేసే శ్రమశక్తి సర్వే) 2023-24 యూనిట్ డేటాతో, అంటే ఒక్కో మనిషి వివరాలున్న ఫైళ్లతో, తెలంగాణలో ఎస్టీ, ఎస్సీ, ఓబీసీ, ఇతరుల ఉపాధి రేట్లు పోలుస్తున్నాను. 15 ఏళ్లు, ఆపైన వయసువాళ్లను తీసుకున్నా. పనిచేసేవాళ్ల శాతం ఎస్టీల్లోనే ఎక్కువ, నిరుద్యోగ రేటు వాళ్లలోనే తక్కువ. వెయిట్లు (శాంపిల్‌లోని ఒక్కరు జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకెలు) తప్పుగా వేశానా? కోయ, గోండు, లంబాడీ, చెంచు అని విడివిడిగా తీయడం కుదురుతుందా?

జవాబు – మల్ట్_మాస్టారు

ముందు వెయిట్లు సరిచూసుకోండి. మొదటి విజిట్ ఫైలు ఒక్కటే వాడాలి. పట్టణాల్లో ఎంపికైన ఇళ్లకు నాలుగుసార్లు వెళ్తారు, రీవిజిట్ ఫైలు కలిపితే అవే ఇళ్లు మళ్లీ మళ్లీ లెక్కలోకి వస్తాయి. ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్సీ అనే కాలమ్‌లు (సర్వే చేసిన ఊళ్ల సంఖ్యలు) రెండూ సమానమైతే మల్ట్‌ను (వెయిట్ ఉండే కాలమ్) 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది అంచనా కావాలంటే వచ్చినదాన్ని క్వార్టర్ల సంఖ్యతో మళ్లీ భాగించాలి. ఈ చివరి మెట్టు మరిచిపోతే జనాభా నాలుగింతలవుతుంది, శాతాలు మాత్రం పెద్దగా కదలవు. అందుకే ఆ తప్పు చాలామంది కళ్లబడదు.

స్టేటస్ కోడ్‌ల (ఎవరు ఏం చేస్తున్నారో చెప్పే అంకెలు) దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. ప్రిన్సిపల్ స్టేటస్‌లో (ఏడాదిలో ఎక్కువ కాలం చేసినది) పనిని సూచించే 11 నుంచి 51 దాకా ఏ కోడూ లేకపోయినా, సబ్సిడరీలో (దానికి తోడుగా తక్కువ కాలం చేసిన పని) ఉంటే ఆ మనిషి వర్కరే. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటిపని (92) చూసుకుని, 40 రోజులు కూలికి పత్తి ఏరిన ఆమె ప్రిన్సిపల్ ఒక్కటే తీసుకుంటే బయటే ఉండిపోతుంది. సబ్సిడరీకి హద్దు 30 రోజులు. ప్రిన్సిపల్‌లో 81 (పని లేక వెతుక్కోవడం) ఉండి, సబ్సిడరీలో ఏ పనీ లేనివాళ్లే నిరుద్యోగులు.

రాష్ట్రం కోడ్ 36 పెట్టి, ముందు తెలంగాణ మొత్తానికి డబ్ల్యూపీఆర్ (జనాభాలో పనిచేసేవాళ్ల శాతం) తీయండి. వార్షిక నివేదికలోని అంకెతో దశాంశం దాకా కలిస్తేనే సామాజిక వర్గాల జోలికి వెళ్లండి.

జవాబు – కూలీ_లెక్క

మీ లెక్క తప్పని నేననుకోను. దేశం మొత్తం మీదా ఇదే వరుస: పనిలో ఉన్నవాళ్లు ఎస్టీల్లో ఎక్కువ, నిరుద్యోగం తక్కువ. నిరుద్యోగ రేటు హారంలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు మాత్రమే ఉంటారు. పని మానుకుని ఉద్యోగం వెతకాలంటే అన్నాళ్లూ ఇల్లు గడిపే ఆధారం ఇంకొకటి ఉండాలి. అది లేని ఇంట్లో దొరికిన పనికల్లా పోతారు, చదువు (91) కూడా త్వరగా ఆపేస్తారు. రెండూ డబ్ల్యూపీఆర్‌ను పైకే నెడతాయి. కాబట్టి ఎక్కువ డబ్ల్యూపీఆర్ అంటే మెరుగైన బతుకని రాయకండి.

దాని బదులు వర్కర్లను కోడ్‌ల వారీగా చీల్చి చూడండి: నెలజీతం 31, రోజుకూలి 51, సొంత పొలంలో జీతం లేని సాయం 21. వర్గాల మధ్య అసలు తేడా అక్కడ బయటపడుతుంది. వారం స్టేటస్‌లో (సర్వేకు ముందు వారం రోజుల పని వివరాలు) ఏడు రోజులకూ పని గంటలుంటాయి, అవీ తీయండి. వారంలో ఒక్క గంట పని చేసినా అక్కడ వర్కరే, గంటలు చూడకపోతే ఆ సంగతే తెలియదు.

గ్రామం, పట్టణం కలపకండి. ఎస్టీలు ఎక్కువగా పల్లెల్లోనే ఉన్నారు, కలిపితే మీకు కనిపించేది సగం ఊరి తేడాయే. వయసుదీ ఇదే గొడవ. 15-29, 30-44, 45-59, 60 పైన అని విడగొట్టి, అన్ని వర్గాలకూ రాష్ట్రపు వయసు నిష్పత్తులే వేసి మళ్లీ కలపండి.

ఏజెన్సీ ప్రాంతానికి ఒక మాట. అడవిలో దుంపలో కట్టెలో ఇంటి వాడకానికి తెచ్చుకుంటే కోడ్ 93, అంటే శ్రమశక్తి బయట. అదే సరుకు సంతలో అమ్మితే వర్కర్. తునికాకు కోత కొద్ది వారాలే సాగుతుంది కనుక ఒంటరిగా 30 రోజుల హద్దు దాటకపోవచ్చు.

జవాబు – సెన్సస్_సంచి

తెగల వారీగా పీఎల్ఎఫ్ఎస్‌లో రాదు. సామాజిక వర్గానికి ఉన్నవి నాలుగే కోడ్‌లు: ఎస్టీ 1, ఎస్సీ 2, ఓబీసీ 3, ఇతరులు 9. తెగల పేర్లతో కావాలంటే 2011 జనగణనలో ఒక్కో షెడ్యూల్డ్ తెగకు వేసిన ప్రాథమిక పట్టికలే దిక్కు. వాటిలో మెయిన్ వర్కర్ అంటే ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవాళ్లు, తక్కువైతే మార్జినల్. పీఎల్ఎఫ్ఎస్ నిర్వచనంతో అది కలవదు, రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో పెట్టొద్దు.

అప్పటి పది జిల్లాలు ఇప్పుడు 33. కూనవరం, చింతూరు, వేలేరుపాడు లాంటి పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కోయలు, కొండరెడ్లు ఎక్కువగా ఉండే ఊళ్లవి, తీసేయకపోతే పాత ఖమ్మం అంకె మోసం చేస్తుంది.

పక్క రాష్ట్రాలతో పోల్చే ఆలోచన ఉంటే లంబాడీల దగ్గర ఆగండి. తెలంగాణలో వాళ్లు ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో వీజేఎన్టీ (విముక్త, సంచార జాతులు). ఒకే జనం మూడు పెట్టెల్లో పడతారు.

పట్టికల_పీజీ

వెయిట్లు సరిపోయాయి, మొత్తం అంకె నివేదికతో కలిసింది. శాంపిల్ కాబట్టి ఎస్టీల అంకె అటూఇటూ ఎంత ఊగొచ్చని పక్కన చూపించాలి?

జవాబు – మల్ట్_మాస్టారు

ఉదాహరణకు శ్రమశక్తిలో ఉన్న ఎస్టీలు శాంపిల్‌లో 800 మంది, రేటు 3 శాతం అనుకోండి. అంటే నిరుద్యోగులు 24 మందే. సాదా లెక్కలోనే 1.8 నుంచి 4.2 దాకా ఊగుతుంది. 2023-24లో ఒక్కో ఊరి నుంచి 8 ఇళ్లు ఒకేచోట తీశారు కనుక నిజమైన వెడల్పు ఇంకా ఎక్కువ. స్ట్రాటమ్ (శాంపిల్ తీయడానికి ముందే విడగొట్టిన భాగం), ఊరు రెండూ డిజైన్‌లో చెప్పి సర్వే ప్యాకేజీతోనే తీయండి. 2025 జనవరి నుంచి జిల్లానే స్ట్రాటమ్ చేశారు, ఊరికి 12 ఇళ్లు తీస్తున్నారు. ఆ డేటాను 2023-24 పక్కన పెడితే డిజైన్ మారిందని పట్టిక కిందే రాయాలి.