కార్యదర్శి కుర్చీ నుంచి మంత్రి కుర్చీకి: మధ్యలో గడువు ఉండాలా?

అశోక్‌నగర్ అభ్యర్థి:
పెద్ద అధికారి ఉద్యోగం వదిలాక రాజకీయాల్లోకి రావడానికి కొంతకాలం గడువు, అంటే విరామం, ఉండాలా అని నిన్న చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ దగ్గర మాకు గొడవ. జైశంకర్ 1977 బ్యాచ్ ఐఎఫ్ఎస్. 2018 జనవరిలో విదేశాంగ కార్యదర్శిగా దిగిపోయారు. 2019 మే 30న, ఎంపీ కూడా కాకుండానే కేంద్ర మంత్రిగా ప్రమాణం చేశారు, అదీ తన పాత శాఖకే. నా మటుకు ఇది మంచిదే. పని తెలిసినవాడు మంత్రైతే తప్పేంటి?

కూకట్‌పల్లి ఓటరు:
రూలు ప్రకారం తప్పేం లేదు బ్రో. ఆర్నెల్లలో ఏదో ఒక సభకు వెళ్తే చాలు, ఆయన జూలైలోనే గుజరాత్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. కానీ మా లోక్‌సత్తా జేపీ (జయప్రకాశ్ నారాయణ) గారు 1996లో ఐఏఎస్ వదిలి, 2009లో ఇక్కడ ఎమ్మెల్యే అయ్యారు. మధ్యలో పదమూడేళ్లు జనంలో తిరిగారు. మంత్రి కాలేదనుకో, అది వేరే కథ.

రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్:
నాయనా, పని వచ్చా రాదా అన్నది కాదు గొడవ. సచివాలయంలో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి, చెప్తా విను. మా పెద్దాయన ఒకరు నోట్‌ఫైల్లో పేజీ నిండా రాసేవారు: నిబంధన ఒప్పుకోదు, ఆర్థిక శాఖను అడగండి అని. రిటైర్మెంట్ ఇంకో నాలుగు నెలలుందనగా రాత మారింది. ఒకటే ముక్క, "చర్చించాం". కింద సంతకం, తేదీ. ఎవరితో చర్చించారో ఫైలు చెప్పదు. తర్వాత ఆయన మెడలో ఏ కండువా పడిందో మాకెవరికీ ఆశ్చర్యం కలగలేదు.

ఇంకో తమాషా. పెద్ద అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. జైశంకర్ గారు టాటా సన్స్‌లో చేరడానికి అలాగే మినహాయింపు ఇచ్చారు. మంత్రి కావడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు!

సిద్దిపేట పోరడు:
ఢిల్లీ దాకా ఎందుకన్నా? మా అప్పటి కలెక్టర్ వెంకట్రామిరెడ్డి 2021 నవంబర్ల రాజీనామా పెట్టిండు, గదే రోజు ఆమోదం, గదే నెలల ఎమ్మెల్సీ. మా బావ మెడికల్ లీవు ఫైలు ఇంకా తిరుగుతనే ఉంది.

అశోక్‌నగర్ అభ్యర్థి:
😀 కానీ సార్, 2022లో సుప్రీంకోర్టు కూడా గడువు సంగతి చట్టసభే తేల్చాలంది కదా?

కూకట్‌పల్లి ఓటరు:
2012లో ఎన్నికల సంఘం గడువు పెట్టమని రాస్తే కేంద్రం కుదరదంది. ఇక చట్టసభలో తేల్చేదెవరు, అలా వచ్చి కూర్చున్నవాళ్లా?

రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్:
పోటీ చేసి వస్తే నాకు పేచీ లేదు. ఆర్.కె.సింగ్ 2013లో హోం కార్యదర్శిగా రిటైరై, 2014లో బీహార్‌లోని ఆరాలో ఎంపీగా గెలిచి, 2017లో మంత్రయ్యారు. 2024లో జనమే ఓడించారు. నేనడిగేది ఒకటే, పాత శాఖ మాత్రం రెండేళ్లు ఇవ్వొద్దు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
పాత శాఖే ఇవ్వకపోతే ఆ అనుభవం ఎందుకు సార్?

రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్:
రెండేళ్లకు పులిసిపోవడానికి అనుభవమేమన్నా పెరుగన్నమా?

అశోక్‌నగర్ అభ్యర్థి:
సరే. ఇంతకీ ఆ "చర్చించాం" ఫైలు ఏమైంది?

రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్:
అయ్యేదేముంది, వారంలో జీఓ వచ్చింది. టైపు చేయించింది నేనే.