1944లో పుట్టినవాళ్ళకే పుట్టినతేదీ ఒకరోజు వెనక్కి పోతోంది, ఎందుకు?

ప్రశ్న: కాకినాడ కుర్రాడు

నమస్తే అండీ. రిటైరైన ఉద్యోగుల పెన్షన్ వివరాల అప్లికేషన్ ఒకటి వేరే టీమ్ నుంచి మా చేతికొచ్చింది. పుట్టినతేదీని అందులో మిల్లీసెకన్ల అంకెగా దాచారు. బ్రౌజర్‌లో క్లర్కు తేదీ ఎంచుకుంటే జావాస్క్రిప్ట్ దాన్ని అంకె చేసి పంపుతుంది. రిపోర్టు తీసేటప్పుడు సర్వర్ ఆ అంకెకి ఐదున్నర గంటలు కలిపి తేదీ రాస్తుంది. 1950ల్లో పుట్టినవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. 12-06-1944న పుట్టిన ఒక పెద్దాయనకి మాత్రం 11-06-1944 అని ప్రింటయింది. ఆధార్‌తో కలవక ఆయన లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో ఆఫీసు మెట్లెక్కి వచ్చి అడుగుతుంటే చూడలేకపోతున్నాను. 1943 వాళ్ళకీ ఇదే గొడవ. కానీ 1942 జూలైలో పుట్టినావిడకి కరెక్టుగా ఉంది! టైమ్‌జోన్ సమస్యయితే అందరికీ రావాలి కదా?

జవాబు: రాత్రి డ్యూటీ

ఆ పెద్దాయన అంకె డేటాబేస్‌లో ఎలా ఉంటే అలా ఇక్కడ పెట్టండి.

కాకినాడ కుర్రాడు

-806481000000

రాత్రి డ్యూటీ

అనుకున్నదే. ఈ మిల్లీసెకన్ల లెక్కకి 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయం) అర్ధరాత్రి సున్నా కాబట్టి, అంతకుముందు పుట్టినవాళ్ళందరికీ మైనస్ అంకెలే వస్తాయి. మీరు పెట్టింది విప్పితే 1944 జూన్ 11, యూటీసీ 17:30. మన అర్ధరాత్రి యూటీసీలో 18:30 కావాలి. మీకు గంట తగ్గింది.

ఆ గంట యుద్ధానిది. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపారు. 1941 అక్టోబర్ నుంచి 1942 మే 15 దాకా ఒకసారి, మళ్ళీ 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ 15 దాకా. ఆ రోజుల్లో మన టైము యూటీసీ కంటే ఆరున్నర గంటలు ముందు. మధ్యలో మే నుంచి ఆగస్టు దాకా మామూలు ఐదున్నరే, జూలై ఆవిడ అందుకే బయటపడ్డారు. ఈ చరిత్రంతా ఐయానా టైమ్‌జోన్ పట్టికలో (ఏ ప్రాంతంలో గడియారాలు ఎప్పుడు ఎంత మారాయో కంప్యూటర్లు చూసుకునే జాబితా) మన దేశానికి పెట్టిన ఏషియా/కోల్‌కతా పేరు కింద ఉంటుంది. బ్రౌజర్ ఆ పట్టిక చూసి ఆరున్నర తీసేసింది. మీ సర్వర్ పట్టిక చూడకుండా ఐదున్నరే కలిపింది. దాంతో ముందురోజు రాత్రి 11 దగ్గర ఆగింది. గంటను వదిలేసి తేదీ మాత్రం ప్రింట్ చేస్తున్నారు కాబట్టి తప్పు కంటికి కనబడలేదు.

జవాబు: కోడ్ కబుర్లు

అయితే సింపుల్ కదా, ఆ ఏళ్ళకి ఒక ఇఫ్ కండిషన్ పెట్టి ఇంకో గంట కలిపేస్తే సరి.

రాత్రి డ్యూటీ

వద్దండీ. పాత బ్రౌజర్లు చాలావాటికి ఈ చరిత్ర తెలియదు, 1944కి కూడా ఐదున్నరే తీసేసేవి. అంటే ఒకే తేదీకి కొన్ని వరుసల్లో 17:30, కొన్నిట్లో 18:30 ఉండొచ్చు. ఐదున్నర అని చేత్తో రాయడం మానేసి, ఏషియా/కోల్‌కతా జోన్‌తో మార్చండి. మొదటి రకం 12వ తేదీ సున్నా గంటలకి వస్తుంది, రెండోది 12వ తేదీ ఒంటిగంటకి. రెండూ 12వ తేదీయే.

ఆ వచ్చిన తేదీని మామూలు డేట్ కాలమ్‌లో రాసేసి, మిల్లీసెకన్లకి అక్కడితో సెలవిచ్చేయండి. ఈ మాట నేను పదేపదే చెబుతాను, ఎవరేమనుకున్నా సరే. పెన్షన్ ఎప్పుడు జమైందన్నది ఒక క్షణం, దాన్ని యూటీసీలో దాచాలి. పుట్టినతేదీ క్షణం కాదు, క్యాలెండర్లో ఒక గడి. దానికి టైమ్‌జోన్ తగిలించడమే అసలు తప్పు. ఆయన ఎక్కడ నిలబడి చెప్పినా జూన్ 12నే పుట్టారు.

కాకినాడ కుర్రాడు

టెస్ట్ సర్వర్‌లో జోన్‌తో మార్చి చూశాను, 12 వచ్చిందండీ! ప్రాణం లేచొచ్చింది. మొత్తం టేబుల్ మార్చేయొచ్చా?

రాత్రి డ్యూటీ

మార్చేముందు గంట కూడా బయటికి తీసి చూడండి. సున్నా, ఒకటి కాకుండా వేరే గంట వచ్చిన వరుసలు పక్కన పెట్టండి. పిల్లల దగ్గర సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఆన్‌లైన్‌లో ఫారం నింపినవాళ్ళు ఉంటారు. అక్కడి అర్ధరాత్రికి మనకింకా ముందురోజు సాయంత్రమే, కాబట్టి ఈ జోన్‌తో మార్చినా వాళ్ళ తేదీ వెనకే ఉంటుంది. అవి కోడ్‌తో దిద్దొద్దు. సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీలో ఏముందో చూసి ఒక్కొక్కటీ సరిచేయించండి. పెద్దాయన వరుస మాత్రం ఈ రోజే మార్చేయండి.