2709 సేగన్‌ను ఫొటోలో గుర్తుపట్టడం ఎలా?

ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ పేరు పెట్టిన గ్రహశకలం 2709 సేగన్‌ను ఫొటో తీయాలని చూస్తున్నాను. 1982 మార్చిలో అమెరికాలో అరిజోనాలోని ఆండర్సన్ మెసా వేధశాల నుంచి ఎడ్వర్డ్ బోవెల్ కనిపెట్టిన రాతి శకలం ఇది. అడ్డంగా సుమారు 7 కిలోమీటర్లు ఉంటుంది. సేగన్ భార్య ఆన్ డ్రూయన్ పేరిట 4970 డ్రూయన్ అనే శకలం కూడా ఉంది, దాని సంగతి తర్వాత!

నా టెలిస్కోపు 8 అంగుళాలది. శకలం వెలుగు అనుకూల సమయంలోనూ 15వ తరగతి (మాగ్నిట్యూడ్; అంకె పెరిగేకొద్దీ మసక) దగ్గరే కాబట్టి కంటికి ఆనుతుందన్న ఆశ లేదు. సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్నప్పుడు రెండు గంటల్లో చంద్రబింబం వెడల్పులో పాతికో వంతు జరగాలి. అలా రెండు గంటల తేడాతో తీసిన ఫొటోలను నక్షత్రాలు కలిసేలా సరిచేసి చూస్తే, జరిగిన చుక్కలు మూడు కనిపిస్తున్నాయి. కొన్ని కెమెరా వేడి పిక్సెళ్లేమో (కాంతి పడకున్నా వెలిగే చుక్కలు)! నక్షత్రాలను సరిపెట్టినప్పుడు అవీ జరిగినట్టే కనిపిస్తాయి కదా.

మూత పెట్టి తీసిన చీకటి ఫొటోను తీసివేస్తే సరిపోతుందా, మూడో ఫొటో కూడా కావాలా? ఒక్కో ఎక్స్‌పోజర్ ఎన్ని సెకన్లు ఇస్తున్నారు? ఇది సుమారు 5.3 గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు కలిగే వెలుగు హెచ్చుతగ్గులు ఇంత చిన్న టెలిస్కోపుతో ఎవరికైనా అందాయా?