యూరప్‌లో తొలి ఉద్యోగం: కొత్త ఆర్కిటెక్టుకు ఏ నగరంలో ఎంత మిగులుతుంది?

ప్రశ్న

నా మాస్టర్స్ త్వరలో పూర్తవుతుంది. లండన్, బెర్లిన్, మిలాన్ నగరాల్లో ఒక్కొక్క ఆఫీసు నన్ను తీసుకోవడానికి ముందుకు వచ్చింది. లండన్ వారు ఏడాదికి 32,000 పౌండ్లు, బెర్లిన్ వారు నెలకు 3,400 యూరోలు ఇస్తామన్నారు. మిలాన్ వారు మాత్రం పార్తీతా ఇవా (స్వతంత్రంగా పని చేసేవారి పన్ను నంబరు) తెరిచి, నెలకు 1,500 యూరోలకు ఇన్వాయిస్ ఇవ్వాలని రాశారు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా, ఏ ఊళ్లో నా సంపాదనతో నేను బతకగలనో తేల్చుకోలేకపోతున్నాను. నాకు బాగా నచ్చిన భవనాలు కట్టింది మిలాన్ ఆఫీసే కాబట్టి మనసు అటే లాగుతోంది. ఈ నగరాల్లో తొలి రెండు మూడేళ్లు పని చేసినవారు చేతికి నిజంగా ఎంత వచ్చిందో చెప్పగలరా? జ్యూరిక్‌లో జీతాలు చాలా ఎక్కువంటారు కదా, అక్కడ కూడా ప్రయత్నించమంటారా?

జవాబు 1 (బెర్లిన్)

మీకు చెప్పిన 3,400 యూరోలు కోతలకు ముందు మొత్తం. పెళ్లికాని వారికి వర్తించే ఒకటో పన్ను తరగతిలో, 2025 రేట్ల ప్రకారం, పే స్లిప్‌లో ఆదాయపు పన్ను 390 యూరోల దాకా పోతుంది. పింఛనుకు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3 శాతం, ఆరోగ్య బీమాకు సుమారు 8.5 శాతం, పిల్లలు లేనివారైతే సంరక్షణ బీమాకు 2.4 శాతం కోస్తారు. ఇవన్నీ పోగా చేతికి మిగిలేది సుమారు 2,270 యూరోలు. అది తక్కువ అనిపించవచ్చు గానీ, జబ్బు చేసి పది రోజులు మంచం పట్టినా ఆ జీతం ఆగదు, ఏడాది పాటు బీమా కట్టాక ఉద్యోగం పోతే కొంతకాలం భృతి కూడా వస్తుంది.

మీరు యూరోపియన్ యూనియన్ బయటి దేశ పౌరులైతే మరొక మాట. ఆర్కిటెక్టులకు బ్లూ కార్డు (ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్) దక్కాలంటే 2025లో ఏడాది జీతం కనీసం 43,759.80 యూరోలు ఉండాలి. మీ జీతం ఏడాదికి 40,800 మాత్రమే అవుతుంది. ఆ జీతానికి కూడా మామూలు నైపుణ్య ఉద్యోగుల పర్మిట్ మీద చేరవచ్చు, అయినా ఈ నిబంధన చూపించి నెలకు 3,650 అడగండి. కారణం చూపి అడిగితే ఆఫీసులు తరచుగా ఒప్పుకుంటాయి.

జవాబు 2 (మిలాన్)

నేను ఆ నగరంలో మూడేళ్లు సరిగ్గా ఇలాంటి ఒప్పందం మీదే పని చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉదయం తొమ్మిదికి వచ్చి, ఆఫీసు వారి కంప్యూటరు ముందు కూర్చుని, వారు చెప్పిన వేళకే ఇంటికి వెళ్లే మనిషిని కాగితం మీద మాత్రం స్వతంత్ర వృత్తిదారుగా చూపిస్తారు. చిన్న వ్యాపారుల ఫోర్ఫెతారియో పద్ధతిలో మీ బిల్లులో 78 శాతాన్నే ఆదాయంగా లెక్కించి, తొలి ఐదేళ్లు దాని మీద 5 శాతం పన్ను వేస్తారు. ఇంతవరకు వింటే బాగానే ఉంటుంది. ఆ పైన ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల పింఛను నిధి అయిన ఇనార్కాస్సాకు మామూలు రేటు ప్రకారం 14.5 శాతం కట్టాలి. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000 బిల్లు చేస్తే నెలకు సుమారు 1,280 యూరోలు మిగులుతాయి, అందులోనే అకౌంటెంటుకు కూడా ఇచ్చుకోవాలి. మీరు ఇంకా ప్రభుత్వ వృత్తి అర్హత పరీక్ష రాసి ఆల్బోలో (ఆర్కిటెక్టుల అధికారిక జాబితాలో) పేరు నమోదు చేసుకోలేదు కాబట్టి ఇనార్కాస్సాలో చేరలేరు, ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థ అయిన ఐఎన్‌పీఎస్‌కు 26 శాతానికి పైగా కట్టవలసి వస్తుంది. అప్పుడు మిగిలేది 1,150 దగ్గర ఆగుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆగస్టు నెల. మా ఆఫీసు రెండు వారాలు మూసేశారు, ఆ నెల నా ఇన్వాయిస్ 750 యూరోలు, గది అద్దె 650. పదమూడో నెల జీతం, వేతనంతో కూడిన సెలవు, జబ్బు సెలవు ఇవన్నీ ఉద్యోగులకే తప్ప మనకు ఉండవు. ఆ భవనాల మీద మీకున్న ఇష్టాన్ని నేను కాదనను, నేను వెళ్లింది కూడా అందుకే. అయితే సంతకం చేసే ముందు ఉద్యోగిగా తీసుకుంటారా అని స్పష్టంగా అడగండి.

జవాబు 3 (లండన్)

మిలాన్ సభ్యులు చెప్పింది నిజమే గానీ, ఉద్యోగి అనే మాట ఒక్కటే మనల్ని కాపాడదు. నా మొదటి ఒప్పందంలో వారానికి 37.5 గంటలు అని ఉంది. దాని ప్రకారం 32,000 పౌండ్లంటే గంటకు 16.41 పౌండ్లు పడుతుంది. డిజైన్ పోటీల గడువులు వచ్చాక మేము 50 గంటలకు తక్కువ పని చేసిన వారం లేదు, ఓవర్‌టైం డబ్బులు లేవు. ఆ లెక్కన గంటకు 12.31 పౌండ్లు, అంటే 2025 ఏప్రిల్ నుంచి అమలైన చట్టబద్ధ కనీస వేతనం 12.21 కంటే పది పెన్నీలు మాత్రమే ఎక్కువ. వారానికి 48 గంటల పరిమితిని వదులుకుంటున్నట్లు విడిగా ఒక కాగితం ఇస్తారు. దాని మీద సంతకం చేయకుండా ఉండే హక్కు మీకుంది.

వీసా స్పాన్సర్‌షిప్ కావాలంటే, 2025 జూలై నుంచి కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి కూడా కనీసం 33,400 పౌండ్లు చూపాలి. 32,000కు అది కుదరదు.

జవాబు 4 (జ్యూరిక్)

నాకు మొదట నెలకు 5,800 ఫ్రాంకుల చొప్పున పదమూడు జీతాలు ఇచ్చారు. ఆరోగ్య బీమాను జీతంలోంచి కోయరు, మనమే విడిగా కొనుక్కోవాలి. అది, పంచుకున్న ఇంట్లో గది అద్దె కలిపి 1,500 ఫ్రాంకులు దాటాయి. అయినా నలుగురం చెప్పిన నగరాల్లో ఎక్కువ మిగిలేది ఇక్కడే. యూనియన్ బయటి పౌరులకు పర్మిట్ దొరకడం మాత్రం చాలా కష్టం, జర్మన్ రాకపోతే ఆఫీసులు పలకవు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉద్యోగిగా చేర్చుకుంటారా అని మిలాన్ వారికి ఈ రోజే రాశాను. బెర్లిన్ వారిని 3,650తో పాటు ఇంకేమైనా అడగవచ్చా?

జవాబు 1 (బెర్లిన్)

ఏ దశల్లో పని ఇస్తారో తప్పక అడగండి. జర్మన్ ఫీజుల నిబంధనావళిలో భవనం పనికి తొమ్మిది దశలుంటాయి. మొత్తం ఫీజులో వర్కింగ్ డ్రాయింగులున్న ఐదో దశకు 25 శాతం, సైట్ పర్యవేక్షణ ఉన్న ఎనిమిదో దశకు 32 శాతం వస్తుంది. ఈ రెండూ తెలిసినవారికే మూడో ఏడు జీతం పెరగడం నేను చూశాను. పైగా ఆర్కిటెక్ట్ అనే బిరుదు వాడుకోవాలంటే ఆర్కిటెక్టుల చాంబర్‌లో (వృత్తి మండలిలో) నమోదు కావాలి. దానికి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ రెండేళ్ల అనుభవం కావాలి, అందులో వేర్వేరు దశల పని చూపించమంటారు. రెండేళ్లూ పోటీల నమూనాలు చేస్తూ కూర్చున్న నా సహోద్యోగి ఒకరు సైట్ అనుభవం కోసం ఆఫీసు మారి, మరో ఏడాది ఆగవలసి వచ్చింది.