240 పేజీల వర్డ్ ఫైల్, అన్నీ హైలైట్లే, కావాల్సింది మాత్రం దొరకట్లేదు

రంగులరాట్నం:
రెండేళ్ల నుంచి ఒకే వర్డ్ ఫైల్లో నోట్స్ రాసుకుంటూ పోతున్నా. మొదట్లో పద్ధతిగా పసుపు అంటే ముఖ్యం, ఆకుపచ్చ అంటే మళ్లీ చదవాలి, గులాబీ అంటే డౌటు అని పెట్టుకున్నా, తర్వాత చేతికి ఏ రంగు తగిలితే అది పూసేశా, ఇప్పుడు ఫైల్ తెరిస్తే నా పేరుకి తగ్గట్టే ఉంది. గులాబీవి మాత్రమే వెతికే దారి ఏమైనా ఉందా అండీ?

పేజీపురుగు:
మాక్రో, అంటే వర్డ్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రామ్, రాసుకుంటే తప్ప లేదండి. అడ్వాన్స్‌డ్ ఫైండ్‌లో ఫార్మాట్ కింద హైలైట్ ఎంచుకుంటే పూసినవన్నీ వరసగా చూపిస్తుంది గానీ ఏ రంగని అడగదు, దానికి పసుపైనా గులాబీ అయినా ఒకటే. పూయడానికి 15 రంగులిచ్చి వెతకడానికి ఒక్కటీ ఇవ్వకపోవడం ఏం న్యాయమో! నేనైతే డౌటున్న చోట డడడ అని టైప్ చేసి వదిలేస్తా, మామూలు రాతలో ఆ మూడక్షరాలు అలా రావు కదా, కంట్రోల్+ఎఫ్ కొట్టి అదే వెతికితే డౌట్లన్నీ పక్కన లిస్టులా వచ్చేస్తాయి. చూడ్డానికి మోటుగానే ఉంటుంది, పని మాత్రం జరుగుతుంది. వాక్యం రాసుకోవాలంటే కామెంట్ పెట్టండి, కంట్రోల్+ఆల్ట్+ఎమ్.

అంచునోట్స్:
అసలు 240 పేజీలకి హెడింగులు ఉన్నాయా బ్రో? బోల్డ్ చేసి సైజు పెంచితే అది మన కంటికే హెడింగ్, వర్డ్‌కి కాదు. కంట్రోల్+ఆల్ట్+1 కొడితే హెడింగ్ 1, 2 కొడితే దాని కింది మెట్టు. అవి పెట్టాక వ్యూలో నావిగేషన్ పేన్ ఆన్ చెయ్, ఎడమ పక్కన హెడింగులన్నీ వస్తాయి, అక్కడ ఒకటి పట్టుకుని పైకి లాగితే దాని కిందున్న పేజీలన్నీ దాంతోపాటే వెళ్తాయి, ఇది తెలియక నేను ఎంతకాలం కట్ పేస్ట్ చేశానో. బుక్‌మార్క్ కూడా ఉంది గానీ పేరులో స్పేస్ ఒప్పుకోదు, పైగా అది పెట్టిన ముక్క మొత్తం డిలీట్ చేస్తే బుక్‌మార్క్ కూడా పోతుంది.

రంగులరాట్నం:
హెడింగులు పెట్టా, సగం తలనొప్పి పోయింది. థాంక్స్ ఇద్దరికీ. ఇంకోటి, పీడీఎఫ్‌లు ఓ 30 ఉన్నాయి, కొన్నింట్లో హైలైట్ చేయబోతే లైన్ సెలెక్టే అవ్వట్లేదు, ఉత్త నీలం డబ్బా గీస్తోంది.

పేజీపురుగు:
అవి స్కాన్ చేసినవి అయ్యుంటాయి, అంటే పేజీ ఫోటోలు, లోపల అక్షరాలే లేవు. ఓసీఆర్, అంటే ఫోటోలోని రాతని అక్షరాలుగా మార్చే పని, చేస్తే గానీ సెలెక్ట్ అవ్వవు, వెతికినా దొరకవు. ఇంకో సంగతి, కొన్ని యాప్‌లు మీ హైలైట్లని పీడీఎఫ్‌లో కాకుండా తమ దగ్గరే దాచుకుంటాయి, యాప్ మారిస్తే ఫైల్ తెల్లగా కనిపిస్తుంది. ముందు ఒక పేజీలో గీసి, సేవ్ చేసి, వేరే రీడర్లో తెరిచి చూడండి, కనిపిస్తేనే మిగతావి మొదలెట్టండి. అన్నట్టు మీ గులాబీ కోరిక ఇక్కడ తీరుతుంది, అడోబీ వాళ్ల పీడీఎఫ్ యాప్ అక్రోబాట్‌లో హైలైట్లు కూడా కనిపించే కామెంట్ల లిస్టుని రంగుని బట్టి ఫిల్టర్ చేసుకోవచ్చు.

రంగులరాట్నం:
చూశా, 30లో 11 స్కాన్లే. ఓసీఆర్ పెట్టేసి పడుకుంటున్నా.